అందరిండ్ల బియ్యం

మా ఇంట్లో నెలకొక వారం అన్నం సరిగ్గా ఉడికేది కాదు. కొన్ని మెతుకులు చిదిగిపోయి ముద్దయ్యేవి, కొన్ని పలుకుగా పంటి కింద తగిలేవి. ఒకే గిన్నెలో దొడ్డు బియ్యం, ఉప్పుడు బియ్యం, ఎవరో ఏడాది నిలవ పెట్టుకున్న పాత బియ్యం, మొన్న దంచిన కొత్త బియ్యం, మధ్యలో నూకలు. మా అమ్మ పొయ్యి ముందర కూర్చుని గరిటెతో నాలుగు మెతుకులు తీసి నొక్కి చూసి, "దీన్ని దించాల్నా, ఉంచాల్నా?" అని విసుక్కునేది. మా అవ్వ వాకిట్లో చేట పట్టుకుని కూర్చునే జవాబు చెప్పేది. "అందరిండ్ల బియ్యం గదమ్మే. అన్నీ ఒక్కతూరే ఉడకమంటే యాడ ఉడుకుతాయి?"

చిత్తూరు నుంచి పలమనేరు పోయే దారిలో, బంగారుపాళెం రాకముందే రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు నడిస్తే మా పల్లె. బస్సు కండక్టర్లు మా స్టాపును హరిజనవాడ అని పిలిచేవాళ్ళు. మేం ఉత్త వాడ అనేవాళ్ళం. ఊరికీ వాడకీ నడుమ చెరువు కట్ట, నాలుగు చింతచెట్లు. వాడ చివర మా గుడి. ఇప్పుడు చర్చి అంటున్నాం గానీ అప్పుడు అందరికీ అది గుడే. సున్నం గోడలు, పెంకుల కప్పు, వాకిట్లో వేపకొమ్మకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క. ఆదివారం పొద్దున ఆ ఇనుప ముక్కను సుత్తితో కొడితే ఆ చప్పుడు చెరువు అవతలి ఊళ్ళోకి కూడా వినపడేది.

మా వంటింటి గూట్లో ఒక మట్టి ముంత ఉండేది. పూట పూటా ఎసట్లో బియ్యం పోసే ముందు అవ్వ ఒక పిడికెడు తీసి ఆ ముంతలో వేసేది. సంగటి కెలికే రోజైతే పిడికెడు నూకలు. వాడలో మా గుడికి వచ్చే ప్రతి ఇంట్లోనూ అట్లాంటి ముంత ఒకటి ఉండేది. అవ్వ పట్టింపు ఒకటే. కొలిచిన బియ్యంలోంచే తియ్యాలి, అందరూ తిన్నాక మిగిలినది వెయ్యకూడదు. "మిగిలింది కుక్కకన్నా వేస్తాం. ఇది మన పళ్ళెంలోది" అనేది.

నెలలో మొదటి ఆదివారం ముంతలన్నీ గుడికి వచ్చేవి. బోధపీఠం ముందర ఈతచాప పరిచి, ఒక్కొక్కరు వచ్చి కుమ్మరించేవాళ్ళు. చిన్నపిల్లలకి అది చూడ్డం ఇష్టం. తెల్లవి, ఎర్రవి, నూకలు, అన్నీ కలిసి ఒక కుప్ప. అయ్యగారు ప్రార్థన చేశాక సంఘపెద్ద పడితో కొలిచి ఏలం పాడేవాడు. అంగడి ధర కంటే కొంచెం తక్కువకే పోయేవి. కొనేది ఎవరు? మేమే. ఆ వారం ఇంట్లో గింజలు అయిపోయినవాళ్ళు. ఇచ్చిన బియ్యాన్ని మళ్ళీ డబ్బిచ్చి కొనుక్కోవడం ఏందని చిన్నప్పుడు నాకు అర్థమయ్యేది కాదు. ఒకసారి అడిగేశాను. డబ్బులే ఇచ్చేస్తే పోతుంది కదా అన్నాను.

"డబ్బులు యాడుండాయిరా? పిడికెడు బియ్యం ఉండాది" అంది అవ్వ.

నిజమే. అవ్వకి కూలి కూడా చాలాసార్లు గింజల్లోనే వచ్చేది. చెనిక్కాయలు పెరికితే చెనిక్కాయలు, వరి కోస్తే వడ్లు. చేతికి రూపాయి తగిలేది ఎప్పుడో. 1983లో రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకి కిలో బియ్యం మొదలుపెట్టాక వాడలో ముంతల రంగు మారింది. అందరివీ కార్డు బియ్యమే అయ్యాయి. ఒక్కోసారి ముక్కిపోయిన వాసన వచ్చేది. అవ్వ వాటిని రెండుసార్లు చెరిగి, రాళ్ళు ఏరి, అప్పుడు గాని ముంతలో వేసేది కాదు. మాకు వండే బియ్యాన్ని మాత్రం ఒకసారే చెరిగేది. ఇది నేను కళ్ళారా చూశాను.

ఏలంలో వచ్చిన డబ్బు ఒరిస్సాకి పోయేది. అక్కడ దక్షిణాన కొండల్లో పనిచేసే ఒక తమిళ కుటుంబానికి మా సంఘం తరఫున నెలనెలా మనియార్డరు. ఎంత ఉంటుంది? నలభై, యాభై రూపాయలు. పంట బాగా పండిన ఏడు కోత పండగ తరవాత వంద. రసీదును అయ్యగారు వచ్చే ఆదివారం ప్రకటనల్లో చదివేవాడు. ఆ ఊరి పేరు పలకడం ఆయనకీ కష్టంగానే ఉండేది. మాకు ఒరిస్సా అంటే ఒక పల్లె, అందులో ఒక ఇల్లు, ఆ ఇంట్లో మా బియ్యం తినే మనుషులు. అంతే.

నేను ఆరో తరగతిలో ఉండగా ఎండాకాలంలో ఆ కుటుంబం మా పల్లెకి వచ్చింది. సొంతూరు పోతూ దారిలో, తమకు డబ్బు పంపే సంఘాలను చూసి పోదామని వచ్చారు. ఆయనకి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. మలేరియా వచ్చి వచ్చి మొహం పసుపుపచ్చగా అయిపోయి ఉన్నాడు. భార్య చంకలో ఆడపిల్ల, ఏడాదిన్నర పిల్ల. తిరునెల్వేలి వైపు వాళ్ళు. మా వాడలో సగం మందికి అరవం వచ్చు కాబట్టి మాట్లాడ్డానికి ఇబ్బంది లేదు. మిషనరీ అంటే నా మనసులో టోపీ పెట్టుకున్న తెల్లదొర. ఈయన రబ్బరు చెప్పులు వేసుకుని, చేతిసంచి పట్టుకుని, మా చిన్నాన్న మాదిరిగా ఉన్నాడు. నాకు ఆ రోజు చాలా నిరాశ కలిగింది, నిజం చెప్పాలంటే.

ఆరాధన అయ్యాక ఆయన్ని మాట్లాడమన్నారు. రెండు మాటలు మాట్లాడాడో లేదో సంఘపెద్ద లేచి అందరి మనసులో ఉన్నదే అడిగాడు. "ఇప్పటిదాకా ఎంతమంది బాప్తిస్మం తీసుకున్నారు?"

ఆయన తల వంచుకున్నాడు. మూడేళ్ళయింది, ఇంకా ఎవరూ లేరు అని చెప్పాడు. వాళ్ళ భాష నేర్చుకోవడానికే రెండేళ్ళు పట్టిందట. దానికి లిపి లేదు, విన్న మాటను విన్నట్టు నోట్‌బుక్కులో రాసుకుని నేర్చుకున్నాడట. చెట్టు కింద తొమ్మిదిమంది పిల్లలకి అక్షరాలు చెబుతున్నాడట. జ్వరం ముదిరినవాళ్ళని డోలీ కట్టి కొండ దించి బస్సు రోడ్డు దాకా మోస్తారట. చెప్పి ఊరుకున్నాడు. గుడిలో ఎవరూ మాట్లాడలేదు. వెనక మగవాళ్ళలోంచి ఎవరో సణిగారు, మూడేండ్ల బియ్యం అని. ఆ మాట ఆయనకీ వినపడింది. ఆయన భార్యకి ఇంకా బాగా వినపడింది, బిడ్డను ఇంకొంచెం దగ్గరికి లాక్కుంది.

మా గుడిలో ఆడవాళ్ళు సాక్ష్యం చెప్పడానికి తప్ప లేచేవాళ్ళు కాదు. అవ్వ చాప మీద నుంచి లేచింది. ఆయన్ని అడగలేదు, భార్యను అడిగింది, అరవంలో. "నీళ్ళు యాడ తెచ్చుకుంటావు తల్లీ?"

ఆ అమ్మాయి మొదటిసారి తలెత్తింది. కొండవాగు నుంచి అని చెప్పింది. ఎంత దూరం, ఎన్ని కడవలు, వానాకాలం వాగు పొంగితే ఎట్లా, బిడ్డకి పాలు దొరుకుతాయా, నీ కాన్పు ఎవరు చేశారు. కాన్పు చేసింది ఆ పల్లె ముసలమ్మ అట. ఆ మాట చెప్పేటప్పుడు ఆ అమ్మాయి ఏడ్చేసింది. ఆడవాళ్ళందరూ చాపల మీద జరుగుతూ జరుగుతూ ఆమె చుట్టూ చేరిపోయారు. మగవాళ్ళు కాసేపు నిలబడి బయటికి పోయారు. ఆ రోజు మా ఇంట్లోనే భోజనం. అవ్వ ఊరిబిండి నూరి, సంగటి ముద్దల మీద నెయ్యి వేసి పెట్టింది. మా ఇంట్లో నెయ్యి ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

వాళ్ళు వెళ్ళిపోయిన మరుసటి రోజు నుంచి అవ్వ ముంతలో రెండో పిడికెడు కూడా వెయ్యడం మొదలుపెట్టింది. ఇదెందుకంటే, "అది వాళ్ళకి, ఇది ఆ బిడ్డకి" అంది. అమ్మ ఏమీ అనలేదు గానీ ఆ నెల మా అన్నం గిన్నె ఒక గరిటె తగ్గింది.

మా సండే స్కూల్ టీచరు ఆ తరవాతి వారం మాకొక సంగతి చెప్పింది. 1903లో తిరునెల్వేలి క్రైస్తవులు సొంత డబ్బుతో, సొంత మనుషులతో ఒక మిషనరీ సంఘం పెట్టుకున్నారు. విదేశాల నుంచి రూపాయి అడగకూడదని నియమం. వాళ్ళ పనివాళ్ళు వచ్చింది మన తెలుగు నేలకే, నిజాం రాజ్యంలో ఉన్న డోర్నకల్‌కి. అందులో ముఖ్యుడు వేదనాయగం అజరయ్య. తమిళుడైనా తెలుగు నేర్చుకుని, 1912లో డోర్నకల్ బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడు బిషప్ కావడం అదే మొదలు. ఆయన బాప్తిస్మం పొందినవాళ్ళ చేత తమ తలమీద తామే చెయ్యి వేయించి, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ అని అనిపించేవాడట. కూలివాళ్ళ చేత, చదువురాని ఆడవాళ్ళ చేత కూడా. మిషనరీ పని జీతగాళ్ళది కాదు, బాప్తిస్మం పొందిన ప్రతివాళ్ళదీ అని ఆయన నమ్మకం. నేను ఇంటికొచ్చి ఇదంతా అవ్వకి చెప్పాను. తలమీద చెయ్యి వేయించే సంగతిని ఆమె పట్టించుకోలేదు. ఆమెకు ఇంకొకటి తగిలింది.

"అయితే తిరునెల్వేలోళ్ళకి మనం బాకీ ఉండామా!" అంది. ఎవరో తెలియని అరవ పల్లెల వాళ్ళు తెలుగువాళ్ళ కోసం పెట్టిన ఖర్చు మేం ఒరిస్సా దారిలో తీరుస్తున్నామని ఆమెకు చాలా సంతోషం వేసింది. డోర్నకల్ ఎక్కడో, మా చిత్తూరు ఎక్కడో అని నేను చెప్పబోయాను. వినలేదు.

చిత్తూరు మనుషులకి మిషన్ అనే మాట వేరే రకంగా తెలుసు. మాకు మిషన్ అంటే కాంపౌండు. పెద్ద చెట్లు, బంగళా, బడి, ఆసుపత్రి. 1853లో అమెరికా మిషనరీలు స్కడ్డర్ అన్నదమ్ములు ఆర్కాటు మిషన్ పెట్టినప్పుడు మా ప్రాంతం ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. చిత్తూరు జిల్లా అయింది 1911లో. 1863లో మదనపల్లెకి జేకబ్ చేంబర్లేన్ వచ్చాడు. ఆయన డాక్టరు, తెలుగు బైబిల్ సవరణ పనికి కూడా పెద్దగా ఉన్నాడు. ఈ పేర్లు మా గుడి వార్షికోత్సవాల్లో చదివేవాళ్ళు, చప్పట్లు కొట్టేవాళ్ళం. వాళ్ళు చేసింది చిన్న పని కాదు. కానీ నా భార్య వాళ్ళది పుత్తూరు దగ్గర లూథరన్ కుటుంబం. ఆమె దగ్గర విన్న చరిత్ర నన్ను ఇంకా ఎక్కువ ఆలోచింపజేసింది. తిరుపతి, పుత్తూరు, కాళహస్తి, నాయుడుపేట వైపు పనిచేసింది జర్మనీలోని హెర్మన్స్‌బర్గ్ నుంచి వచ్చిన మిషనరీలు. 1914లో యుద్ధం మొదలయ్యేసరికి వాళ్ళు ఇంగ్లీషువాళ్ళకి శత్రుదేశం వాళ్ళయ్యారు, నిర్బంధంలోకి పోయారు. తరవాత అమెరికాలోని ఒహాయో లూథరన్లు వచ్చి పని అందుకున్నారు. మరి మధ్యలో? ఆ గుళ్ళలో గంట ఎవరు కొట్టారు? చావుకి ప్రార్థన ఎవరు చేశారు? పల్లె ఉపదేశులు, ఇంటింటికీ తిరిగే బైబిలు స్త్రీలు, కూలికి పోయివచ్చి దీపం పెట్టిన మనుషులు. దొరల పేర్లు పలకల మీద ఉన్నాయి. వీళ్ళ పేర్లు ఎక్కడా లేవు. మా మామగారు వాళ్ళ తాతని గురించి చెప్పేటప్పుడు, "ఆయన ఉపదేశి కాదు, ఏమీ కాదు, తాళంచెవి ఆయన దగ్గరుండేది" అనేవారు. ఆ వాక్యం నేను మరిచిపోలేను.

అవ్వకి మిషన్ ఎట్లా తెలుసంటే ఆమె తమ్ముడి ఊపిరితిత్తుల వల్ల తెలుసు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానిటోరియం 1915లో మొదలైంది. డెన్మార్క్ నుంచి వచ్చిన ఫ్రిమోట్ మోలర్ డాక్టరు దాన్ని నిలబెట్టాడు. క్షయకి ఇంజక్షన్లు ఇంకా రాని కాలంలో అక్కడి మందు గాలి, విశ్రాంతి, పాలు, గుడ్లు. అవ్వ తమ్ముడు ఏడాదిన్నర అక్కడుండి నడిచి ఇంటికొచ్చాడు. "మా వాడు ఆరోగ్యవరం పోయినాడంటే అందరూ పాడె సిద్ధం చేసినారు. వాడు ఎనభై ఏండ్లు బతికె" అనేది. ఆ ఆసుపత్రిని ఒక్క మిషన్ పెట్టలేదు. వేరు వేరు దేశాల, వేరు వేరు సంఘాల మిషన్లు తలా కొంత వేసుకుని కలిసి నడిపాయి. నేను పెద్దయ్యాక ఇది చదివి అవ్వకి చెబితే, ఆమె ఆశ్చర్యపోలేదు. "మన బియ్యం మాదిరే" అంది.

రాయవేలూరు, అంటే తమిళనాడులోని వేలూరు, అక్కడి పెద్దాసుపత్రి కథ అయితే ఆమె చెబితేనే వినాలి. ఐడా స్కడ్డర్ అనే అమ్మాయికి మిషనరీ కావాలని లేదు. తిండివనంలో తండ్రి ఇంట్లో ఉండగా ఒకే రాత్రి ముగ్గురు మగవాళ్ళు, ఒక బ్రాహ్మణుడు, ఒక సాయిబు, ఇంకొక హిందువు, ఒకరి తరవాత ఒకరు తలుపు తట్టారు. భార్యకి కాన్పు కష్టంగా ఉంది రమ్మన్నారు. మా నాయన డాక్టరు, ఆయన్ని పిలుస్తాను అంటే మగడాక్టరు వద్దని పోయారు. తెల్లారేసరికి ముగ్గురు ఆడవాళ్ళూ చచ్చిపోయారు. ఆ అమ్మాయి అమెరికా పోయి డాక్టరు చదువు చదివి, 1900లో తిరిగొచ్చి వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1918లో ఆడవాళ్ళకి వైద్య పాఠశాల పెట్టింది. గుడియాత్తం రోడ్డు మీద బండి ఆపి చెట్ల కింద మందులిచ్చేది. మా అవ్వ వాళ్ళమ్మ ఆ చెట్టు కింద నిలబడి కంటిలో మందు వేయించుకుందట. తెల్ల చీర, తెల్ల జుట్టు అని అవ్వ చెప్పేది. అవ్వ చెప్పిన చీర సంగతి నిజమో కాదో గానీ, మా ముత్తవ్వ కన్ను బాగైన మాట నిజం.

ఆ ఆసుపత్రికి డబ్బు వచ్చిన దారి గురించి చాలా ఏళ్ళకి తెలిసింది. అమెరికాలో గుళ్ళకి వచ్చే మామూలు ఆడవాళ్ళు ఇంట్లో చిన్న అట్టపెట్టెలు పెట్టుకుని చిల్లర వేసేవాళ్ళట. గుడ్లు అమ్మిన డబ్బు, కుట్టుపని డబ్బు. బైబిల్లో బీద విధవరాలు వేసిన రెండు కాసుల పేరే ఆ పెట్టెలకు పెట్టారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎక్కడో మంచు కురిసే ఊళ్ళో ఒక ముసలమ్మ వంటింటి గూట్లో కూడా ఒక ముంత ఉందన్నమాట. ఆమె ఎన్నడూ రాయవేలూరు చూసి ఉండదు. మా ముత్తవ్వ కన్ను సంగతి ఆమెకు ఎవరు చెబుతారు?

ఇక అమ్మణ్ణి సంగతి చెప్పాలి. ఊళ్ళో పెద్దింటి ఆమె. వాడవాళ్ళెవరూ పేరు పెట్టి పిలిచేవాళ్ళు కాదు, అందరికీ అమ్మణ్ణే. అవ్వ వాళ్ళ చేన్లోనే కూలికి పోయేది. ఒకరోజు చెనిక్కాయల చేన్లో కలుపు తీస్తుండగా అమ్మణ్ణి గట్టు మీద కూలబడిపోయింది. నెలల తరబడి రక్తం పోతోందని, ఇంట్లో మగవాళ్ళకి చెప్పలేక దాచుకుందని అవ్వకి చెప్పింది. అవ్వ కొడవలి పక్కన పెట్టి, "రాయవేలూరు పోదాం పా అమ్మణ్ణీ" అంది. ఇంట్లో ఒప్పుకున్నారు, డబ్బు పెట్టారు. కానీ అక్కడ ఉండి చూసుకునే ఆడమనిషి లేదు. కోడళ్ళకి చంటిపిల్లలు. అవ్వే పోయింది. గర్భసంచి ఆపరేషన్. పన్నెండు రోజులు.

ఈ పన్నెండు రోజుల గురించి అవ్వ ఎవరికీ ఏమీ చెప్పలేదు. చాలా ఏళ్ళకి అమ్మణ్ణే మా అమ్మకి చెప్పింది. చిత్తూరులో వేలూరు బస్సు ఎక్కినప్పుడు అవ్వ అలవాటు ప్రకారం పక్కన నిలబడిందట. బస్సు కదిలాక అమ్మణ్ణి జరిగి, సీటు మీద చెయ్యి తట్టి కూర్చోమందట. ఆపరేషన్‌కి ముందు రాత్రి, "మీ దేవుడికి రోజూ ఏదో చెప్పుకుంటావే, నాకోసం కూడా చెప్పు" అందట. అవ్వ నెమ్మదిగా, పక్క మంచం వాళ్ళకి వినపడకుండా ప్రార్థన చేసిందట. అమ్మణ్ణి కొంగున వెంకటేశ్వరస్వామికి కట్టిన ముడుపు కూడా ఉంది. అది విప్పమని అవ్వ అనలేదు. మూడో రోజు గంజి తాగొచ్చు అన్నారు. అవ్వ చెంచాతో నోటి దగ్గర పెట్టింది. వాడవాళ్ళింట్లో మంచినీళ్ళు కూడా ముట్టని మనిషి. "ఒక్క గడియ ఆగినాను. మీ అత్త చెయ్యి వెనక్కి తీసుకోలేదు. నోరు తెరిచినాను" అని అమ్మణ్ణి అమ్మతో చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుందట.

ఊరు మారిందని చెబితే అబద్ధమవుతుంది. టీ అంగడిలో మా గ్లాసులు వేరుగానే ఉండేవి. అమ్మణ్ణి మా గుడికి ఎన్నడూ రాలేదు, ఎవరూ రమ్మని పట్టుబట్టలేదు. ఒళ్ళు బాగయ్యాక తిరుమలకి పోయి తలనీలాలు ఇచ్చి వచ్చింది. అవ్వ కోసం ఒక లడ్డు తెచ్చి చెరువు కట్ట మీద నిలబడి పిలిచింది. అవ్వ రెండు చేతులా అందుకుంది. దాని మీద మా గుడిలో పెద్ద గొడవే జరిగింది. ప్రసాదం ఎట్లా తీసుకుంటావని సంఘపెద్ద నిలదీశాడు. అది ఆయన మనస్సాక్షి, ఆయన్ని నేను తప్పు పట్టను, అట్లా ముట్టనివాళ్ళు మా ఇళ్ళలోనే ఉన్నారు. అవ్వ అన్నది మాత్రం చెబుతాను. "ఆమె నా చేతి గంజి తాగింది. ఆమె చేతిది నేను వద్దనాల్నా?"

ఆ ఉగాదికి అమ్మణ్ణి ఇంటి నుంచి ఒక పడి సన్నబియ్యం వచ్చాయి, నీ ముంతలో వేసుకో అని. అవ్వ ఒక్క గింజ కూడా ఇంట్లోకి తీయకుండా ముంతలో వేసింది. అప్పటి నుంచి ఏటా వచ్చేవి. ఆ నెల అన్నం ఇంకా అన్యాయంగా ఉడికేది. సన్నబియ్యం ముందే చిదిగి గంజిలో కలిసిపోయేవి.

1999 జనవరిలో నేను తిరుపతిలో ఉద్యోగంలో ఉన్నాను. ఒరిస్సాలో మనోహర్‌పూర్ అనే పల్లెలో గ్రాహం స్టెయిన్స్‌ని, ఆయన పిల్లలు పదేళ్ళ ఫిలిప్, ఆరేళ్ళ తిమోతిని బండిలో నిద్రపోతుండగా కాల్చేశారని శనివారం వార్త వచ్చింది. నేను వెంటనే బస్సెక్కి పల్లెకి వెళ్ళాను. అవ్వకి ఒరిస్సా అంటే ఒకటే ఇల్లు కదా. మన పిల్లోడేనా, మన పిల్లోడేనా అని అడుగుతూనే ఉంది. కాదవ్వా, ఆయన ఆస్ట్రేలియా మనిషి, బారిపదలో కుష్టురోగులను చూసుకునేవాడు, మనవాళ్ళు ఉండేది ఇంకో పక్క అని చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత, "ఆ కుష్టోళ్ళకి రేపటి నుంచి పుండ్లు కడిగేదెవరు?" అంది. ఆయన భార్య గ్లాడిస్ చంపినవాళ్ళను క్షమించానని చెప్పి, ఆ రోగుల పని వదలకుండా అక్కడే ఉండిపోయిందని కొన్నాళ్ళకి పేపర్లో వచ్చింది. చదివి వినిపించాను. అవ్వ ముంత ఉన్న గూటి వైపు చూసింది. మన తమిళ కుటుంబం నుంచి నెల రోజులకి ఇన్‌లాండ్ లెటరు వచ్చింది. అందరూ బాగున్నారు, చంకలో ఎత్తుకొచ్చిన ఆ పాప నర్సు చదువుతోంది.

ఇప్పుడు నేను తిరుపతిలోనే ఉంటున్నాను. ఆఫీసులో మిత్రులు మిషన్ అనే మాట రాగానే అడుగుతారు, ఎంతమందిని మారుస్తారు మీరు అని. మా చర్చిలో మిషన్ ఆదివారం నాడు తెర మీద ఫొటోలు వేస్తారు, కింద అంకెలు వేస్తారు. ఇన్ని పల్లెలు, ఇంతమంది. మనవాళ్ళు చప్పట్లు కొడతారు. బయటివాళ్ళ ప్రశ్న, మనవాళ్ళ ప్రశ్న ఒకటే అయిపోయిందని నాకు బాధగా ఉంటుంది. ఇద్దరూ తలలే లెక్కపెడుతున్నారు. అవ్వకి యేసుప్రభువును గురించి చెప్పాలని లేక కాదు. అడిగినవాళ్ళకి గంటలు గంటలు చెప్పేది, చెనిక్కాయలు వలుస్తూ చెప్పేది. కానీ ఆమె మొదట అడిగేది నీళ్ళ గురించి. మిషనరీకి నెలనెలా నేను డబ్బు పంపుతాను, ఫోన్లో రెండు నొక్కులు నొక్కితే పోతుంది. మా పళ్ళెంలో ఒక్క మెతుకు తగ్గదు. ఇది నన్ను నిజంగా కలవరపెడుతుంది. అందుకే ఈమధ్య వాళ్ళకి ఫోన్ చేసి మాట్లాడ్డం మొదలుపెట్టాను. బోరు పడిందా, పిల్ల పరీక్షలు ఎట్లా రాసింది, అక్కడి పిల్లలకి పలకలు చాలాయా అని.

అవ్వ 2004లో, కోతల కాలంలో పోయింది. చిత్తూరు సమాధుల తోటలో కాదు, వాడ పక్కన మా చేని గట్టు మీద పెట్టమంది, అక్కడే పెట్టాం. చావింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి వాడవాళ్ళే గుడి వాకిట్లో, వేపచెట్టు కింద వంట పెట్టారు. తలా ఇంటి నుంచి చేటలో బియ్యం తెచ్చారు. కార్డు బియ్యం, కొత్త బియ్యం, ఉప్పుడు బియ్యం. అమ్మణ్ణి కొడుకు సైకిల్ మీద సగం మూట సన్నబియ్యం తెచ్చి దించి, టోపీ తీసి కాసేపు నిలబడి పోయాడు. అవ్వ ముంతలో సగానికి ఉన్నవి కూడా అమ్మ తెచ్చి అందులోనే పోసింది. అన్నీ ఒకే గంగాళంలో ఉడికాయి.

వరసలో కూర్చున్నాం. విస్తట్లో అన్నం పడింది. కొన్ని మెతుకులు చిదిగిపోయి ఉన్నాయి, కొన్ని పలుకుగా ఉన్నాయి. నేను అమ్మ మొహం చూశాను. ఆమె ఏమీ అనలేదు. పప్పు కలుపుకుని తిని, వడ్డించేవాళ్ళు మళ్ళీ వచ్చినప్పుడు రెండోసారి పెట్టించుకుంది.